రెండు దీవుల నడుమ: దూరం ఒక లెక్క, ప్రయాణకాలం మరొక లెక్క

మనలో చాలామందికి అలవాటైన పని ఇది. ఒక వెబ్‌సైటులో రెండు విమానాశ్రయాల పేర్లు కొడతాం. అది దూరం ఇంత, ప్రయాణకాలం ఇంత అని చెబుతుంది. దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుందని ఆరో తరగతిలోనే నేర్చుకున్నాం కాబట్టి ఇందులో వింత ఏమీ కనిపించదు. అటువంటి పేజీ వెనక ప్రోగ్రాము రాయమని ఎవరైనా మనల్ని అడిగితే మధ్యాహ్నం భోజనం లోపల పూర్తి చేసెయ్యవచ్చు అనిపిస్తుంది.

ప్రోగ్రాము పూర్తవుతుంది. సమాధానమే సరిగ్గా రాదు. దూరం దాదాపు సరిగ్గానే వస్తుంది, కాలం మాత్రం తప్పుతుంది. విమానాశ్రయాలు రెండూ దీవుల మీద ఉంటే ఈ తప్పు మరీ ఎక్కువ. ఎందుకంటే అక్కడ దారి మధ్యలో దిగడానికి మరో ఊరు ఉండదు. అందువల్ల దీవుల మధ్య ప్రయాణాన్ని ఉదాహరణగా తీసుకుంటే దూరానికీ, కాలానికీ ఉన్న అసలు సంబంధం బాగా బయటపడుతుంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది అదే.

ఉదాహరణకి మారిషస్‌ను ఎంచుకున్నాను. మనవాళ్ళకి అది పరాయి దేశం కాదు. పందొమ్మిదవ శతాబ్దంలో చెరకు తోటల్లో పని చెయ్యడానికి కోస్తా జిల్లాల నుంచి తెలుగువారు అక్కడికి ఓడల్లో వెళ్ళారు. గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవు పేరు మీదుగా వారిని అక్కడ కోరంగీలు అని పిలిచేవారు. ఈనాటికీ ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు దినం. ఆ దేశానికి ప్రధాన దీవి కాక, తూర్పున దూరంగా రోడ్రిగ్స్ అనే చిన్న దీవి కూడా ఉంది. వైశాల్యం 108 చదరపు కిలోమీటర్లు. ప్రధాన దీవిలోని సర్ శివసాగర్ రామ్‌గులామ్ విమానాశ్రయం నుంచి రోడ్రిగ్స్‌లోని ప్లేన్ కొరాయ్ విమానాశ్రయానికి ఎంత దూరం? ఎంతసేపు పడుతుంది? ఈ రెండు ప్రశ్నలనే పట్టుకుని ముందుకి వెళదాం.

దూరం: గుండ్రటి భూమి మీద తిన్నని దారి

ముందుగా రెండు చోట్ల అక్షాంశ, రేఖాంశాలు కావాలి. ప్రధాన దీవి విమానాశ్రయం దక్షిణ అక్షాంశం 20.4302 డిగ్రీలు, తూర్పు రేఖాంశం 57.6836 డిగ్రీలు. రోడ్రిగ్స్ విమానాశ్రయం దక్షిణ అక్షాంశం 19.7577, తూర్పు రేఖాంశం 63.3610. అంటే అక్షాంశాల తేడా 0.6725 డిగ్రీలు, రేఖాంశాల తేడా 5.6774 డిగ్రీలు.

ఒక డిగ్రీ అంటే సుమారు 111.2 కిలోమీటర్లు అని గుర్తున్నవారు ఇక్కడ పైథాగరస్ సిద్ధాంతం వాడేసి 636 కిలోమీటర్లు అంటారు. ఇది తప్పు. అక్షాంశంలో ఒక డిగ్రీ ఎక్కడైనా దాదాపు అంతే ఉంటుంది కానీ, రేఖాంశాలు ధ్రువాల వైపు వెళ్ళే కొద్దీ దగ్గరకి జరుగుతాయి. భూమధ్యరేఖ దగ్గర 111 కిలోమీటర్లున్న డిగ్రీ, 20 అక్షాంశం దగ్గర సుమారు 104 కిలోమీటర్లే. ధ్రువం దగ్గర సున్నా. ఈ కుదింపు ఎంతో చెప్పేది ఆ అక్షాంశపు కొసైన్. దాన్ని మరిచిపోవడం వల్ల మన లెక్కలో 38 కిలోమీటర్లు అదనంగా చేరాయి. అదే తప్పు 60వ అక్షాంశం దగ్గర చేస్తే తూర్పు పడమరల దూరం ఏకంగా రెట్టింపు అవుతుంది.

సరైన పద్ధతి ఏమిటి? గోళం మీద రెండు చుక్కల మధ్య అతి దగ్గర దారి, ఆ రెండు చుక్కల గుండా, గోళం కేంద్రం గుండా పోయే తలం గోళాన్ని కోసిన చోట ఏర్పడే వృత్తం మీద ఉంటుంది. నారింజ పండుని సరిగ్గా మధ్యకి కోస్తే అంచున వచ్చే వృత్తం వంటిది అన్నమాట. దీన్ని మహావృత్తం అందాం. దాని మీద దూరం కనుక్కోవడానికి ప్రోగ్రాములలో ఎక్కువగా వాడేది హావర్‌సైన్ సూత్రం. ఈ మాటను 1835లో జేమ్స్ ఇన్మన్ నావికుల కోసం రాసిన పుస్తకంలో వాడాడు. ఒక కోణంలో సగానికి సైన్ కట్టి, దాన్ని వర్గం చేస్తే వచ్చేదే హావర్‌సైన్. వర్గం కాబట్టి ఎప్పుడూ ఋణసంఖ్య కాదు. కంప్యూటర్లు లేని రోజుల్లో లాగరిథం పట్టికలతో కుస్తీ పట్టే నావికులకి ఇది పెద్ద సదుపాయం.

మన రెండు దీవులకి అంచెలంచెలుగా లెక్క ఇలా సాగుతుంది.

ఒకటి: అక్షాంశాల తేడాలో సగానికి సైన్ వర్గం 0.0000344.

రెండు: రేఖాంశాల తేడాలో సగానికి సైన్ వర్గం కట్టి, రెండు అక్షాంశాల కొసైన్లతోనూ గుణిస్తే 0.0021631.

మూడు: ఈ రెండూ కలిపితే 0.0021975. దీని వర్గమూలం 0.046878.

నాలుగు: దానికి విలోమ సైన్ 0.046895 రేడియన్లు. రెట్టింపు చేస్తే 0.09379. ఇదే భూమి కేంద్రం దగ్గర రెండు దీవుల మధ్య ఉన్న కోణం.

అయిదు: భూమి సగటు వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లతో గుణిస్తే 597.5 కిలోమీటర్లు.

అదండీ దూరం. మైళ్ళలో 371. నాటికల్ మైళ్ళలో 323. ఒకే దూరానికి ఈ మూడు సంఖ్యలూ చలామణిలో ఉన్నాయి. పైలట్లు, నావికులు వాడేది నాటికల్ మైలు, అది 1.852 కిలోమీటర్లు. అమెరికాలో కారు నడిపే మనకి అలవాటైన మైలు 1.609 కిలోమీటర్లు. డేటాబేసులో కాలమ్ పేరు వట్టి "దూరం" అని పెట్టి ప్రమాణం రాయకపోతే, పదిహేను శాతం తప్పుని చేతులారా ఆహ్వానించినట్లే.

ప్రోగ్రాములో గోతులు

ఈ సూత్రం కోడులో పది వరుసలు కూడా ఉండదు. అయినా అందులో దిగబడే చోట్లు కొన్ని ఉన్నాయి. నేను ఇతరుల కోడు చదివేటప్పుడు ముందుగా వెతికేవి ఇవి.

మొదటిది రేడియన్లు. దాదాపు అన్ని భాషల్లోనూ సైన్, కొసైన్ ఫంక్షన్లు రేడియన్లనే అడుగుతాయి. డిగ్రీలు ఇస్తే ప్రోగ్రాము ఏ ఫిర్యాదూ చెయ్యదు, ఏదో ఒక సంఖ్య ఇస్తుంది. ఆ సంఖ్య చూడడానికి బుద్ధిమంతుడిలాగే ఉండవచ్చు. అదే ప్రమాదం.

రెండవది గుర్తు. దక్షిణ అక్షాంశానికి ముందు ఋణ గుర్తు పెట్టాలి. రెండు దీవులకీ మరిచిపోతే లెక్క సరిగ్గానే వస్తుంది! భూమధ్యరేఖని అద్దంగా పెట్టి చూసినట్టు రెండూ ఉత్తరానికి వెళ్ళిపోతాయి, మధ్య దూరం మారదు. ఒక్కదానికే మరిచిపోతే దూరం 598 బదులు 4,511 కిలోమీటర్లు వస్తుంది. అంటే మీ పరీక్షల్లో రెండు చోట్లూ ఒకే అర్ధగోళంలో ఉంటే ఈ తప్పు ఎప్పటికీ పట్టుబడదు. హైదరాబాదు నుంచి డాలస్‌కి పరీక్షించి చేతులు దులుపుకుంటే చాలదు. ఉత్తరం నుంచి దక్షిణానికి ఒకటి, తూర్పు నుంచి పడమరకి ఒకటి పరీక్ష ఉండాలి.

మూడవది 180 డిగ్రీల రేఖ. పసిఫిక్ మహాసముద్రంలో సమోవా దీవుల విమానాశ్రయం పడమర 172 డిగ్రీల దగ్గర, ఆస్ట్రేలియాకి చెందిన నార్ఫోక్ దీవి తూర్పు 168 డిగ్రీల దగ్గర ఉన్నాయి. తీసివేస్తే తేడా 340 డిగ్రీలు. నిజమైన తేడా 20 డిగ్రీలు. హావర్‌సైన్ సూత్రంలో సైన్ వర్గం ఉంది కాబట్టి ఈ గోతిని అదే దాటేస్తుంది, 2,670 కిలోమీటర్లు అని సరిగ్గానే చెబుతుంది. కానీ అదే దారిని పటం మీద గీయబోతే, గీత ఆఫ్రికా మీదుగా ప్రపంచం చుట్టి వస్తుంది. ఈ రెండు దీవుల జత గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

నాలుగవది మరీ ఎక్కువ ఖచ్చితత్వం కోసం తాపత్రయం. భూమి నిజానికి గోళం కాదు, ధ్రువాల దగ్గర కొద్దిగా అణగి ఉంటుంది. దీన్ని లెక్కలోకి తీసుకునే పద్ధతిని 1975లో విన్సెంటీ ప్రచురించాడు. అది భూగోళం మీద దాదాపు ఎదురెదురుగా ఉన్న చుక్కల దగ్గర ఒక్కొక్కప్పుడు సమాధానానికి చేరకుండా తిరుగుతూనే ఉంటుంది. ఆ లోపం లేని పద్ధతిని 2013లో ఛార్లెస్ కార్నీ ప్రచురించాడు. మన దీవులకి ఈ సవరణ చేస్తే 597.5 కాస్తా 598.4 కిలోమీటర్లు అవుతుంది. తేడా ఒక కిలోమీటరు లోపు. ప్రధాన దీవి రన్‌వే పొడవే మూడు కిలోమీటర్ల పైన! విమానం ఏ చివర నుంచి లేచిందన్న దాని ముందు ఈ సవరణ ఏపాటిది? భూమి సర్వే చేసేవారికి ఇది ముఖ్యం. ప్రయాణికుడికి గోళం చాలు.

కాలం: భాగహారం ఎందుకు చాలదు?

దూరం తేలింది కదా, ఇక వేగం. రోడ్రిగ్స్‌కి ఎయిర్ మారిషస్ వాడే విమానం ఏటీఆర్ 72. రెక్కల మీద పంఖాలు తిరిగే టర్బోప్రాప్ రకం. పైకి చేరాక గంటకి 500 కిలోమీటర్లు, ఆ పైన కాస్త వేగంతో పోతుంది. 598ని 500తో భాగిస్తే 72 నిమిషాలు. కానీ టిక్కెట్టు మీద ప్రయాణకాలం సుమారు గంటన్నర. మిగిలిన 18 నిమిషాలు ఏమయ్యాయి?

విమానాల వాళ్ళ లెక్కలో ప్రయాణం మొదలయ్యేది చక్రాలు నేల వదిలినప్పుడు కాదు. నిలిపి ఉంచిన చోటు నుంచి కదిలినప్పుడు మొదలై, మరో చోట ఆగి నిలబడినప్పుడు ముగుస్తుంది. నేల మీద పాకడం, లేచాక పూర్తి వేగం అందుకునే వరకు నెమ్మదిగా ఎక్కడం, దిగేటప్పుడు వేగం తగ్గించుకుని రన్‌వేకి ఎదురుగా తిరగడం, అన్నీ ఇందులోనే. వీటికి పట్టే కాలం దూరం మీద ఆధారపడదు.

దీన్ని మరో దీవి సాయంతో సరిచూడవచ్చు. మారిషస్‌కి పడమరన ఫ్రాన్సుకి చెందిన రీయూనియన్ దీవి ఉంది. విమానాశ్రయాల మధ్య దూరం సుమారు 230 కిలోమీటర్లు, ప్రయాణం సుమారు ముప్పావు గంట. ఇప్పుడు రెండు దారులనీ పక్కపక్కన పెట్టండి. 368 కిలోమీటర్లు ఎక్కువైతే 45 నిమిషాలు ఎక్కువయింది. అంటే అదనపు దూరాన్ని విమానం గంటకి 490 కిలోమీటర్ల వేగంతో దాటింది. ఆ వేగంతో 230 కిలోమీటర్లకి 28 నిమిషాలు పోతే, మిగిలినది 17 నిమిషాలు. ఇదే దూరంతో నిమిత్తం లేని స్థిర భాగం. రెండే కొలతలతో తేల్చిన ముతక లెక్కే అయినా, పైన కనపడకుండా పోయిన 18 నిమిషాలతో చక్కగా కలిసింది చూశారా!

నెట్‌వర్కుల మీద పనిచేసేవారికి ఇది పాత చుట్టమే. ఒక సందేశం పంపడానికి పట్టే కాలంలో, సందేశం ఎంత చిన్నదైనా తప్పని ఆలస్యం ఒకటి, పరిమాణాన్ని బట్టి పెరిగేది ఒకటి ఉంటాయి. విమానమూ అంతే. అందుకే దగ్గర దీవుల మధ్య సగటు వేగం చాలా తక్కువగా కనిపిస్తుంది. హవాయి వెళ్ళినవారికి ఇది అనుభవమే. హొనొలూలూ నుంచి మావీ దీవిలోని కహులూయికి వంద మైళ్ళు. జెట్ విమానమే అయినా టిక్కెట్టు మీద నలభై నిమిషాల పైచిలుకు ఉంటుంది.

మరి రోడ్రిగ్స్‌కి జెట్ విమానం ఎందుకు వెయ్యరు, పావుగంట కలిసొస్తుంది కదా అని అడగవచ్చు. జవాబు ఆకాశంలో లేదు, నేల మీద ఉంది. ప్లేన్ కొరాయ్‌లో ఇన్నాళ్ళూ వాడుతూ వచ్చిన రన్‌వే పొడవు సుమారు 1,300 మీటర్లు. మామూలు ప్రయాణికుల జెట్ విమానం నిండా జనంతో అంత తక్కువ చోటులో దిగి, మళ్ళీ లేవడం కుదరదు. ఏటీఆర్ వంటిదానికి కుదురుతుంది. ఇలా 598 కిలోమీటర్ల ప్రయాణానికి ఎంతసేపు పట్టాలో నిర్ణయించినది చివరి 1,300 మీటర్లు. ఈ సంగతి అక్షాంశ రేఖాంశాల్లో ఎంత వెతికినా దొరకదు.

గాలి చేసే గారడి

ఇప్పటి వరకు గాలి లేదనుకున్నాం. విమానం వేగం గాలితో పోల్చి చూసిన వేగం. నేల మీద అది ఎంత దూరం జరిగిందన్నది గాలి ఎటు వీస్తోందన్న దాన్ని బట్టి ఉంటుంది. లెక్క కోసం గంటకి 50 కిలోమీటర్ల పడమటి గాలి ఉందని ఊహించుకుందాం. వెళ్ళేటప్పుడు వెనక నుంచి తోస్తుంది, నేల మీద వేగం 550. వచ్చేటప్పుడు ఎదురు, వేగం 450.

వెళ్ళడానికి 65 నిమిషాలు. రావడానికి 80 నిమిషాలు. మొత్తం 145. గాలి లేకపోతే రానూపోనూ కలిపి 143న్నర. పోయేటప్పుడు కలిసొచ్చింది వచ్చేటప్పుడు పోతుంది, చెల్లుకు చెల్లు అనుకుంటాం కానీ, కాదు. దారి వెంట వీచే గాలి ఎటు వీచినా రానూపోనూ ప్రయాణం ఎప్పుడూ పొడుగే అవుతుంది. కారణం ఏమిటంటే ఎదురుగాలిలో విమానం ఎక్కువసేపు ఉంటుంది, వెనకగాలిలో తక్కువసేపు ఉంటుంది. నష్టం ఎక్కువసేపు, లాభం తక్కువసేపు. 550, 450ల సగటు 500 అని రాసే ప్రోగ్రాము ఇక్కడే బోల్తాపడుతుంది.

మన ఉదాహరణలో తేడా నిమిషంన్నరే. కానీ గాలి వేగం పెరిగే కొద్దీ ఈ తేడా దాని వర్గం లెక్కన పెరుగుతుంది. గాలి గంటకి 100 కిలోమీటర్లైతే ఆరు నిమిషాలు. పెద్ద సముద్రాల మీద గంటల తరబడి ఎగిరే చోట ఇది చిన్న విషయం కాదు.

గడియారం ఎవరిది?

బయలుదేరిన వేళ, చేరిన వేళ ఇచ్చి తేడా కట్టమంటే అదే ప్రయాణకాలం కదా? రెండు గడియారాలూ ఒకటే అయితే అవును. మారిషస్, రోడ్రిగ్స్, రీయూనియన్ మూడూ యూటీసీ కంటే నాలుగు గంటలు ముందు. కాబట్టి ఇక్కడ భయం లేదనిపిస్తుంది.

కానీ 2008 అక్టోబరులో మారిషస్ ప్రభుత్వం గడియారాన్ని ఒక గంట ముందుకి జరిపి చూసింది. 2009 మార్చిలో వెనక్కి తెచ్చింది. ఆ తరువాత ఆ ప్రయోగం మళ్ళీ చెయ్యలేదు. రీయూనియన్ మాత్రం కదలలేదు. ఆ అయిదు నెలలూ ఏమై ఉంటుందో చూడండి. మారిషస్‌లో 10:00 గంటలకి బయలుదేరిన విమానం ముప్పావు గంట ఎగిరి రీయూనియన్‌లో స్థానిక కాలం 9:45కి చేరుతుంది. ప్రయాణకాలం ఋణ పదిహేను నిమిషాలు! తిరుగు ప్రయాణానికి గంటా ముప్పావు. చేరిన వేళ బయలుదేరిన వేళ కన్నా ముందుంటే డేటా తప్పు అని తిరస్కరించే షరతు ఏ ప్రోగ్రాములోనైనా ఉండి ఉంటే, అది నిజాన్నే తిరస్కరించినట్టు.

సమోవా, నార్ఫోక్ దీవుల జత ఇంకా చిత్రం. 2009లో సమోవా యూటీసీకి 11 గంటలు వెనక, నార్ఫోక్ 11న్నర గంటలు ముందు. తేడా 22న్నర గంటలు. మూడు నాలుగు గంటల ప్రయాణానికి తేదీ మారిపోయేది. 2011 చివర సమోవా డిసెంబరు 30వ తేదీని క్యాలెండరులోంచి తీసేసి తేదీరేఖకి అవతలి వైపు చేరింది. 2015 అక్టోబరులో నార్ఫోక్ తన అరగంటని వదులుకుంది. దీవులు రెండూ ఉన్నచోటే ఉన్నాయి, దూరం అంగుళం మారలేదు. గడియారాల తేడా మాత్రం ఒకటి రెండు గంటలకి దిగింది.

అందుచేత ఏ విమానాశ్రయం పక్కనా "+4" వంటి సంఖ్యని శాశ్వతంగా రాసిపెట్టకూడదు. ప్రపంచ కాలమండలాల డేటాబేసులో ఆ చోటుకి ఉన్న పేరు రాసుకోవాలి. ఆ తేదీన ఆ పేరుకి ఎంత తేడా ఉందో డేటాబేసునే అడగాలి. కాలాన్ని యూటీసీలో దాచి, మనిషికి చూపించేటప్పుడు మాత్రమే స్థానికంగా మార్చాలి.

తిరిగి రావడానికి పట్టే కాలం

ఇంతవరకు చెప్పినవి తప్పితే పేజీ మీద ఒక సంఖ్య తప్పుతుంది. ఇప్పుడు చెప్పబోయేది తప్పితే ప్రాణాల మీదకి వస్తుంది.

హైదరాబాదులో దిగవలసిన విమానం పొగమంచు వల్ల దిగలేకపోతే బెంగుళూరుకో, చెన్నైకో పోతుంది. రోడ్రిగ్స్ మీద మబ్బు కమ్మితే ఎక్కడికి పోతుంది? చుట్టూ వందల కిలోమీటర్ల నీరు. చెప్పుకోదగ్గ చోటు వచ్చిన దారినే వెనక్కి, ప్రధాన దీవి. కాబట్టి ఇంధనం లెక్క వెయ్యవలసింది గంటన్నరకి కాదు. పైన ఊహించిన గాలితో వెళ్ళడానికి 65 నిమిషాలు, దిగలేక తిరిగి రావడానికి 80. దీని మీద, టర్బైన్ ఇంజన్ల విమానాలకి అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నియమం ప్రకారం ఎప్పుడూ ముట్టుకోకుండా ఉంచవలసిన 30 నిమిషాల నిల్వ. అప్పటికే 175 నిమిషాలు. నేల మీద పాకడానికీ, దిగే ప్రయత్నానికీ, అనుకోని ఖర్చుకీ కలిపితే మూడు గంటలు దాటుతుంది. టిక్కెట్టు మీద గంటన్నర, ట్యాంకులో మూడు గంటలు! ఈ అదనపు ఇంధనానికి బరువుంది. పొట్టి రన్‌వే మీద ఆ బరువు సీట్లకీ, సామానుకీ పోటీ వస్తుంది.

దారిలో సమస్య వస్తే ముందుకి పోవాలా, వెనక్కి తిరగాలా అన్న ప్రశ్నకీ లెక్క ఉంది. సగం దారి, అంటే 299 కిలోమీటర్లు దాటితే ముందుకే పోవాలని అనిపిస్తుంది. గాలి ఉంటే అది సరికాదు. ముందుకి 550 వేగం, వెనక్కి 450 అయితే, రెండు వైపులా సమాన కాలం పట్టే చోటు బయలుదేరిన చోటు నుంచి 269 కిలోమీటర్ల దగ్గరే ఉంది. అక్కడి నుంచి ముందుకైనా వెనక్కైనా 36 నిమిషాలు. మొత్తం దూరాన్ని తిరుగు వేగంతో గుణించి, రెండు వేగాల మొత్తంతో భాగిస్తే ఈ చోటు వస్తుంది. దూరంలో మధ్య వేరు, కాలంలో మధ్య వేరు.

మరీ ఒంటరి దీవుల విషయంలో వెనక్కి వచ్చే ఇంధనం మొయ్యడమే అసాధ్యం కావచ్చు. అటువంటి చోట్లకి అదే సంస్థ నియమం వేరు. దీవి మీదకి చేరాక మరో రెండు గంటలు మామూలు వేగంతో ఎగరగల ఇంధనం ఉండాలి, వాతావరణం కుదుటపడే వరకు కాచుకోవడానికి. దారిలో, ఇక వెనక్కి తిరగలేని చోటుకి ముందే, అవతల వాతావరణం ఎలా ఉందో కనుక్కుని నిర్ణయం తీసుకోవాలి.

ఇది కాగితం మీది మాట కాదు. 2009 నవంబరు 18 రాత్రి ఒక చిన్న జెట్ విమానం సమోవా నుంచి నార్ఫోక్ దీవికి వస్తోంది. రోగిని ఆస్ట్రేలియాకి చేరవేస్తున్న విమానం, ఇంధనం కోసం నార్ఫోక్‌లో ఆగాలి. లోపల ఇద్దరు పైలట్లు, డాక్టరు, నర్సు, రోగి, రోగి వెంట మరొకరు. ట్యాంకుల్లో ఇంకా చోటున్నా పూర్తిగా నింపకుండా బయలుదేరింది. ఆస్ట్రేలియా నిబంధనల్లో నార్ఫోక్‌ని మారుమూల దీవిగా పేర్కొని, ప్రయాణికుల అద్దె విమానాలు అక్కడికి వెళ్ళాలంటే మరోచోటికి పోయేంత ఇంధనం ఉండాలని అప్పటికే ఉంది. రోగుల రవాణా వేరే తరగతి కింద లెక్క కాబట్టి ఈ నియమం దానికి వర్తించలేదు. విమానం దారిలో ఉండగా నార్ఫోక్ మీద మబ్బు కిందికి దిగింది. ఆ సంగతి పూర్తిగా తెలిసేసరికి వేరే దీవికి మళ్ళే అవకాశం దాటిపోయింది. నాలుగు సార్లు దిగడానికి ప్రయత్నించి, రన్‌వే కనపడక, చివరికి ఇంధనం అయిపోకముందే చీకట్లో సముద్రం మీద దింపారు. ఆరుగురూ బతికి బయటపడడం వాళ్ళ అదృష్టం. ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ దీని మీద 2012లో ఒకసారి, మళ్ళీ దర్యాప్తు చేసి 2017లో మరొకసారి నివేదిక ఇచ్చింది.

ఆ రాత్రి దూరం లెక్కలో తప్పేమీ లేదు. 2,670 కిలోమీటర్లు ప్రయాణానికి ముందూ అంతే, తరువాతా అంతే. గాలి, వాతావరణం, దిగడానికి మరో చోటు, అక్కడికి చేరే ఇంధనం. వీటితో ముడిపడిన కాలం దగ్గరే కథ అడ్డం తిరిగింది.

చివరిగా

మనలో విమానాలు నడిపేవారు తక్కువే కావచ్చు. సరుకుల బట్వాడా, టాక్సీలు, ప్రయాణాల బుకింగు, అత్యవసర వైద్యం, ఇలా చోట్ల మధ్య కాలాన్ని అంచనా కట్టే ప్రోగ్రాముల మీద పనిచేసేవారు చాలామందే. వారికి నా సలహా ఇది. దూరం, కాలం రెంటినీ ఒకే జాతి సంఖ్యలుగా చూడకండి. దూరం భూమికి సంబంధించిన నిజం. ఒకసారి సరిగ్గా కట్టి, ప్రమాణం రాసి దాచుకోవచ్చు. కాలం ఒక అంచనా. ఏ వాహనానికి, ఏ దిశలో, ఏ తేదీన, ఎవరి గడియారం ప్రకారం అన్న నాలుగు ప్రశ్నలకీ జవాబు లేకుండా దానికి అర్థం లేదు. వీలైతే ఒక్క సంఖ్య బదులు ఇంత నుంచి ఇంత వరకు అని చూపించండి.

ఇవన్నీ చేశాక అయిదో ప్రశ్న ఒకటి వేసుకోండి: చేరవలసిన చోటు తలుపు మూసి ఉంటే ఎక్కడికి పోవాలి, దానికి ఎంతసేపు పడుతుంది? దీవులకి ఎగిరేవారు ఈ ప్రశ్నకి జవాబు రాసుకున్నాకే ఇంజను వేస్తారు. సర్వరు పడిపోతే ఏమిటి, లింకు తెగిపోతే ఏమిటి అని ముందుగా ఆలోచించే మనకీ ఆ అలవాటు కొత్తదేమీ కాదు.